టాయ్ హాలర్ టంగ్ వెయిట్: నిండుగా ఉన్నప్పుడు ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకటి

ముందు జవాబు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. మీ టాయ్ హాలర్ (లోపల ఉండడానికి వీలుతో పాటు, వెనక బండి పెట్టుకునే గ్యారేజ్ ఉన్న ట్రైలర్) ఊగడానికి మూలం హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే సామగ్రి) కాదు, ఆ రోజు వీచిన గాలి కూడా కాదు. గ్యారేజ్‌లోకి ఎక్కించిన సైడ్‌బైసైడ్ (పక్కపక్క సీట్లున్న, ఇసుకలో నడిపే చిన్న బండి) వల్ల హిచ్ బాల్ మీద ట్రైలర్ ముక్కు మోపాల్సిన బరువు, అంటే టంగ్ వెయిట్, సగానికి పైగా మాయమైంది. అది సరిచేసేదాకా ఆ బండిని ఎక్కించుకుని హైవే మీదకు వెళ్లవద్దు. ఈ ఒక్క మాట దయచేసి వినండి. పిల్లలను కూర్చోబెట్టుకుని నడుపుతున్నారు కదా.

మీరు రాసిన వివరాలు ఒకచోట పెడతాను. ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. 30 అడుగుల టాయ్ హాలర్ కొన్నారు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ పెట్టి ఖాళీగా తూచినప్పుడు మొత్తం 7,500 పౌండ్లు, టంగ్ వెయిట్ 1,100 పౌండ్లు. లాగేది హాఫ్ టన్ (తేలిక రకం) పికప్ ట్రక్కు. తలుపు పక్క స్టిక్కర్ మీద పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగల బరువు) 1,650 పౌండ్లు. ఖాళీ ట్రైలర్‌ను ఇంటికి తెచ్చినప్పుడు ట్రక్కు వెనక బాగా కుంగింది కానీ ట్రైలర్ నిలకడగా వచ్చింది. 1,500 పౌండ్ల సైడ్‌బైసైడ్ ఎక్కించి ఓక్లహోమాలోని లిటిల్ సహారా ఇసుక దిబ్బలకు బయలుదేరితే ట్రక్కు చక్కగా సమంగా నిలబడింది. కానీ ఐ-35 హైవే మీద 60 మైళ్ల వేగం దాటాక, పక్కనుంచి పెద్ద లారీ వెళ్లిన ప్రతిసారీ ట్రైలర్ తోక ఆడించింది. మరింత గట్టి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (టంగ్ మీది బరువును బార్లతో మిగతా చక్రాలకు పంచే హిచ్) కొంటే సరిపోతుందని డీలర్ అన్నాడు. అది నిజమా అన్నది మీ ప్రశ్న.

నిజం కాదు. "ట్రక్కు సమంగా నిలబడింది" అన్న మీ మాటలోనే జబ్బు ఏమిటో ఉంది. ఖాళీగా కుంగిన ట్రక్కు, ఇంకో 1,500 పౌండ్లు ఎక్కించాక పైకి లేచిందంటే ఆ బరువు ట్రైలర్ ముక్కును పైకి ఎత్తుతోందన్నమాట. ట్రక్కు కుంగకపోతే అంతా బాగుందని చాలామంది ధైర్యపడతారు. టాయ్ హాలర్ విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ధైర్యం అదే.

మామూలు ట్రావెల్ ట్రైలర్‌లో సామాను అటూ ఇటూ సర్దినా టంగ్ వెయిట్ పెద్దగా మారదు. టాయ్ హాలర్ సంగతి వేరు. దాని గ్యారేజ్ చక్రాల వెనక ఉంటుంది. అక్కడ వెయ్యి, రెండు వేల పౌండ్ల బండి ఎక్కుతుందని తయారీదారుకు తెలుసు కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు ముందు బరువు ఎక్కువ ఉండేలా యాక్సిల్స్‌ను (చక్రాల ఇరుసులను) వెనక్కి జరిపి కడతాడు. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు: బస్తాలు ముందుకు వేస్తే ఎడ్ల మెడలు కుంగుతాయి, వెనక్కి వేస్తే కాడి గాలిలోకి లేస్తుంది. తేడా ఏమిటంటే ఎడ్లబండి గంటకు 65 మైళ్ల వేగంతో పోదు.

బాల్ మీద నిలిచే ట్రైలర్‌కు, సామానుతో కలిపిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ వెయిట్ ఉండాలి. పది శాతం కంటే తగ్గుతున్నకొద్దీ ట్రైలర్ బరువు కేంద్రం యాక్సిల్స్ మీదకు, ఆ తర్వాత వాటి వెనక్కి జరుగుతుంది. అప్పుడు గాలి తోపు వల్ల మొదలైన చిన్న ఊపు తనంతట తాను తగ్గదు. ఒక్కో ఊపుకూ పెరుగుతుంది. ఎంత వేగం దగ్గర ఇలా జరుగుతుందన్నది ఆ ట్రైలర్ బరువు ఎక్కడెక్కడ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మీకు 55 దగ్గర ఏమీ కాకుండా 60 దాటాక మొదలైందంటే, మీరు ఆ గీత మీద ఉన్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. దీనికి తుల సూత్రం తప్ప ఇంకేమీ అక్కరలేదు. బాల్ నుంచి రెండు యాక్సిల్స్ మధ్య బిందువు దాకా 18 అడుగులు అని రాశారు. అక్కడి నుంచి వెనక ర్యాంప్ తలుపు దాకా 12 అడుగులు. సైడ్‌బైసైడ్‌ను ముక్కు ముందుకు పెట్టి, దించడానికి వీలుగా ర్యాంప్ దగ్గరే కట్టారు. అలా కడితే దాని బరువు కేంద్రం యాక్సిల్స్‌కు సుమారు 7 అడుగులు వెనక ఉంటుంది. 1,500ను 7తో గుణించి 18తో భాగిస్తే 583. అంటే అంత బరువు టంగ్ మీద తగ్గింది. 1,100లో మిగిలింది 517. మొత్తం బరువు 9,000. శాతం కడితే 5.7. పది ఉండాల్సిన చోట ఆరు కూడా లేదు. ఆ ప్రయాణం ఏ అనర్థమూ లేకుండా ముగిసినందుకు నాకు సంతోషంగా ఉంది.

ఇదే లెక్క మందు కూడా చూపిస్తుంది. మీ గ్యారేజ్ 13 అడుగులు, బండి 10 అడుగులు. ముందున్న రెండున్నర అడుగుల జాగాలో మడత కుర్చీలు, ఐస్ పెట్టెలు పెట్టారు. వాటిని తీసి బండిని 2 అడుగులు ముందుకు జరిపితే బరువు కేంద్రం 5 అడుగుల దూరానికి వస్తుంది. తగ్గుదల 417 మాత్రమే. టంగ్ వెయిట్ 683, అంటే 7.6 శాతం. పైసా ఖర్చు లేకుండా దాదాపు రెండు శాతం వచ్చింది.

తర్వాత బండిని వెనక్కి నడిపి ఎక్కించండి. చాలా స్పోర్ట్ రకం సైడ్‌బైసైడ్లలో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, కాబట్టి వెనక చక్రాల మీద బరువు ఎక్కువ. బంపర్‌ను గ్యారేజ్ ముందు గోడ వైపు ఆనించి కట్టేటప్పుడు వెనక భాగం ముందుకు వస్తే, బరువు కేంద్రం దాదాపు ఇంకో అడుగు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు 1,500 ఇంటూ 4 బై 18: తగ్గుదల 333. టంగ్ వెయిట్ 767, శాతం 8.5. వెనక్కి ఎక్కించేటప్పుడు ర్యాంప్ మీద దారి సరిగా కనబడదు. పక్కన ఒక మనిషి నిలబడి చెయ్యి చూపించాలి. ట్రైలర్ హిచ్‌కు తగిలించి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాకే ఎక్కించాలి. హిచ్ నుంచి విడదీసిన ట్రైలర్‌లోకి బండి ఎక్కిస్తే, ర్యాంప్ మీదికి బరువు రాగానే ముక్కు పైకి లేచే అవకాశం ఉంది.

ఇక ట్రక్కు బెడ్‌లో వేసుకెళ్లిన 300 పౌండ్ల పనిముట్లు, సామాను ఉన్నాయి. వాటిని ట్రైలర్ ముందు భాగంలో, మంచం కింద అటునుంచి ఇటుదాకా ఉండే సామాను అరలో పెట్టండి. అది యాక్సిల్స్‌కు 15 అడుగుల ముందు ఉంటుంది కాబట్టి టంగ్ మీద 250 పౌండ్లు పెరుగుతుంది. ఇప్పుడు 1,017 పౌండ్లు, మొత్తం 9,300. శాతం 10.9. ట్రక్కు మీద పడే బరువు మాత్రం పెరగలేదు; బెడ్‌లో 300 తగ్గి, బాల్ మీద 250 పెరిగింది.

ఒక హెచ్చరిక. శాతం కుదిరింది కదా అని వెనక ఎంత బరువు వేసినా ముందు అంతకు అంత వేసి సరిచేసుకోవచ్చని అనుకోకండి. రెండు కొసలా బరువు పెట్టిన ట్రైలర్ ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం చాలా కష్టం, ఎందుకంటే తిరిగే బరువు అంతా యాక్సిల్స్‌కు దూరంగా ఉంది. అందుకే నేను చెప్పిన వరుస ముఖ్యం. మొదట వెనక బరువును లోపలికి లాగాలి. అది ఇంక లాగలేనంత అయ్యాకే ముందు కొంచెం కలపాలి. వెనక బంపర్‌కు సైకిల్ ర్యాక్, జనరేటర్, పెట్రోలు డబ్బాలు తగిలించే అలవాటు టాయ్ హాలర్ల వాళ్లలో బాగా ఉంది. మీరు మాత్రం ఆ పని చేయవద్దు. 12 అడుగుల దూరంలో వేలాడే 150 పౌండ్లు టంగ్ మీద వంద పౌండ్లు మింగేస్తుంది.

నీళ్ల ట్యాంకు గురించి కూడా అడిగారు. గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, మీ 100 గాలన్ల ట్యాంకు నిండితే 834 పౌండ్లు. మీ ట్యాంకు మధ్య భాగం యాక్సిల్స్‌కు 3 అడుగులు ముందు ఉందన్నారు కాబట్టి నింపితే టంగ్ మీద పెరిగేది 139 మాత్రమే. ఆ కాస్త కోసం 834 పౌండ్లు లాగడం నాకు ఇష్టం లేదు. ఎడారిలో, నీళ్లు దొరకని చోట విడిది చేసేవాళ్లకు వేరే దారి లేదు. లిటిల్ సహారాలో నీటి కనెక్షన్ ఉన్న చోటు దొరికితే ఖాళీగానే వెళ్లండి. ఇది చదివే మిగతావాళ్లు మాత్రం ఈ మాటను గుడ్డిగా పాటించకూడదు. కొన్ని ట్రైలర్లలో మంచినీళ్ల ట్యాంకు యాక్సిల్స్‌కు వెనక ఉంటుంది. దాన్ని నింపితే టంగ్ వెయిట్ ఇంకా తగ్గుతుంది. కిందికి దూరి, ట్యాంకు ఎక్కడ ఉందో టేపుతో కొలిచి చూడాల్సిందే. నింపితే పూర్తిగా నింపండి, లేదా ఖాళీ చేయండి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. గ్యారేజ్ బండ్లకు పెట్రోలు పోసే ట్యాంకు ఉన్నవాళ్లు దాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి: గాలన్‌కు సుమారు 6 పౌండ్లు.

ఇంతదాకా కాగితం మీది లెక్క. దీన్ని నమ్ముకుని రోడ్డెక్కకూడదు, తూచి చూసుకోవాలి. మీ దారిలో పెద్ద ట్రక్ స్టాపుల దగ్గర క్యాట్ స్కేల్ కాటాలు ఉంటాయి. ట్రక్కు ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద ఉండేలా నిలపాలి. మూడుసార్లు తూచాలి. మొదటిసారి హిచ్ బార్లు బిగించి, అందరూ ట్రక్కులో కూర్చుని, అచ్చం ప్రయాణంలో ఉన్నట్టు. రెండోసారి బార్లు వదులు చేసి. మూడోసారి ట్రైలర్‌ను పార్కింగ్‌లో వదిలి ట్రక్కు ఒక్కటే. అదే కాటా మీద 24 గంటల లోపల మళ్లీ తూచితే ధర తక్కువ. బార్లు వదులు చేసినప్పటి ట్రక్కు రెండు యాక్సిల్స్ బరువు లోంచి ట్రక్కు ఒక్కదాని బరువు తీసేస్తే టంగ్ వెయిట్ వస్తుంది. ఉదాహరణకు 6,920 లోంచి 6,400 పోతే 520. మొత్తం బరువు 15,400 అయితే, అందులో 6,400 పోగా ట్రైలర్ 9,000. బార్లు బిగించిన చీటీతో టంగ్ వెయిట్ కట్టవద్దు. బార్లు కొంత బరువును ట్రైలర్ యాక్సిల్స్ మీదకు నెడతాయి కాబట్టి ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఆ చీటీ వేరే పనికి కావాలి. అది కింద చెబుతాను.

ప్రతిసారీ ట్రక్ స్టాపుకు వెళ్లలేరు. షెర్లైన్ వాళ్లు అమ్మే హైడ్రాలిక్ తూకపు పరికరం కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) కింద పెట్టి జాక్ దించితే వెంటనే అంకె చూపిస్తుంది. ఆ ఖర్చు కూడా వద్దనుకుంటే స్నానాల గదిలో ఉండే తూకం యంత్రం, ఒక దృఢమైన దూలం చాలు. నాలుగు అడుగుల ఎడంలో ఒక కొసన ఇనుప గొట్టం, ఇంకో కొసన తూకం యంత్రం పెట్టి వాటి మీద దూలం వేయండి. యంత్రాన్ని సున్నాకు తెచ్చాక ట్రైలర్ జాక్‌ను గొట్టానికి ఒక అడుగు దూరంలో, యంత్రానికి మూడు అడుగుల దూరంలో దించండి. యంత్రం చూపించిన అంకెను నాలుగుతో గుణించండి. 300 పౌండ్ల యంత్రంతో 1,200 దాకా తూచవచ్చు. జాక్ బాల్‌కు కొంచెం వెనక ఉంటుంది కాబట్టి అంకె కాస్త ఎక్కువగా వస్తుంది. పది శాతానికి అటూ ఇటూగా ఉన్నప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి. ఏ పద్ధతైనా ట్రైలర్ చక్రాలకు దిమ్మలు పెట్టి, ప్రయాణంలో ఉండే ఎత్తులోనే తూచాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. సైడ్‌బైసైడ్‌తో సరిగ్గా సర్దితే టంగ్ వెయిట్ 1,017. నలుగురు మనుషులు కలిపి 600 అనుకుందాం. హిచ్ సామగ్రి 100. కలిపితే 1,717. మీ పేలోడ్ 1,650. ఖాళీ ట్రైలర్‌తో అయితే 1,100తో కలిపి 1,800. అంటే మీ ట్రక్కు ఈ ట్రైలర్‌కు నిండుగానూ చాలదు, ఖాళీగానూ చాలదు. డీలర్లు టో రేటింగ్ చూపించి 11,000 పౌండ్లు లాగుతుందంటారు. అది లాగే శక్తి. మోసే శక్తి స్టిక్కర్ మీది పేలోడ్, టాయ్ హాలర్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే. ట్రక్కు కింద రిసీవర్ (హిచ్ దూర్చే ఇనుప చట్రం) మీద ఉన్న స్టిక్కర్ కూడా చదవండి: వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ లేకుండా మోయగలిగేది ఒకటి, ఉంటే మోయగలిగేది ఇంకొకటి ఉంటుంది. కొన్ని హాఫ్ టన్ ట్రక్కులకు మొదటి అంకె 500 పౌండ్లే.

ఇక్కడే మనుషులు ఉచ్చులో పడతారు. ట్రక్కు మోయలేకపోతోందని టంగ్ వెయిట్ తగ్గిస్తారు, సామాను వెనక్కి నెడతారు. ట్రక్కు సుఖపడుతుంది, ట్రైలర్ ఊగుతుంది. ట్రక్కు చాలనప్పుడు మార్చాల్సింది ట్రక్కును, లేదా ట్రైలర్‌ను. మీ స్థానంలో నేనుంటే ఇంకా ఎక్కువ మోసే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు వైపు చూస్తాను. అందాకా సైడ్‌బైసైడ్‌ను వేరే చిన్న ట్రైలర్ మీద స్నేహితుడి ట్రక్కుతో పంపించడం మంచిదే, కానీ ఖాళీ టాయ్ హాలర్ కూడా మీ పేలోడ్‌ను దాటుతుందని మరువకండి. అలాంటప్పుడు మనుషులు ఇద్దరు వేరే కారులో రావాలి.

హిచ్ దగ్గరకు వద్దాం. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ చేసే పని వేరు. టంగ్ మీది బరువు ట్రక్కు వెనక యాక్సిల్‌ను కుంగదీసి ముందు చక్రాలను తేలిక చేస్తుంది. బార్లు ఆ బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంచుతాయి. స్టీరింగ్, ముందు బ్రేకులు మళ్లీ పట్టు సంపాదిస్తాయి. ట్రక్కు ముందు యాక్సిల్ పోగొట్టుకున్న బరువులో ఎంత తిరిగి రావాలో మీ ట్రక్కు పుస్తకంలో ఉంటుంది. దాన్ని సరిచూసేది ఆ మొదటి చీటీతోనే. కానీ ట్రైలర్ బరువు కేంద్రాన్ని ఏ హిచ్ అయినా అంగుళం కూడా జరపలేదు. స్వే కంట్రోల్ ఉన్న హిచ్ ఊపును కొంత అణుస్తుంది, మీ 5.7 శాతాన్ని 10.9 చేయలేదు. పైగా అణిచి ఉంచిన ఊపు 60 దగ్గర బయటపడకుండా 70 దగ్గర బయటపడుతుంది. అప్పుడు సర్దుకోవడానికి సమయం ఉండదు. ట్రక్కు వెనక ఇరుసు మీద గాలితో ఉబ్బే ఎయిర్ బ్యాగులు వేయించినా అంతే: ట్రక్కు ఎత్తు మారుతుంది, బరువు మారదు.

బార్లు మరీ బిగించడం కూడా ప్రమాదమే. ఖాళీ ట్రైలర్ 1,100 పౌండ్లకు సరిపడా బిగించిన బార్ల గొలుసులను, 500 పౌండ్ల టంగ్ వెయిట్ ఉన్నప్పుడు కూడా అలాగే ఉంచితే ట్రక్కు వెనక చక్రాలు తేలికవుతాయి. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు పక్కకు జారవచ్చు. బరువు మారిన ప్రతిసారీ బార్లను పట్టే గొలుసు లంకెలు మార్చాలి.

ట్రైలర్ నేలకు సమంగా, లేదా ముక్కు ఒక అంగుళం కిందికి ఉండాలి. ముక్కు పైకి ఉంటే బరువు వెనక యాక్సిల్ మీదకు, తోక వైపు వాలుతుంది. ట్రైలర్ టైర్లలో గాలి, వాటి వేగ పరిమితి చూడండి. కొన్ని ట్రైలర్ టైర్ల పరిమితి 65 మైళ్లే. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్లకు చట్టమే 55 మైళ్ల హద్దు పెట్టింది. ఓక్లహోమా గాలుల్లో నేను 60 దాటను.

ఎంత సర్దినా ఒకనాడు ఊగవచ్చు. అప్పుడేం చేయాలో ముందే మనసులో నాటుకోవాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. ట్రక్కు బ్రేకు తొక్కవద్దు. స్టీరింగ్‌ను నేరుగా పట్టుకోండి. ఊపుకు ఎదురు తిప్పితే అది పెరుగుతుంది. చేత్తో బ్రేక్ కంట్రోలర్ మీట నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. ట్రైలర్ వెనక్కి లాగుతూ తిన్నగా వస్తుంది. వేగం పెంచితే ఊపు పోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఖాళీ పార్కింగ్‌లో ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి వెళ్లేదాకా సాధన చేయండి.

తిరుగు ప్రయాణం మాట మరిచిపోతారు కాబట్టి చెబుతున్నాను. దిబ్బల మీద సైడ్‌బైసైడ్ చెడిపోయి అక్కడే మరమ్మతుకు వదిలి వచ్చారనుకుందాం. ముందు అరలో 300 పౌండ్ల సామాను ఇంకా ఉంది. వెనక 1,500 లేదు. టంగ్ వెయిట్ 1,350, మొత్తం 7,800, శాతం 17.3. ఇప్పుడు ట్రైలర్ ఊగదు. కానీ హిచ్, రిసీవర్, ట్రక్కు వెనక యాక్సిల్ పరిమితి దాటవచ్చు. అలాంటప్పుడు ఆ సామాను గ్యారేజ్‌లోకి, యాక్సిల్స్‌కు కాస్త వెనగ్గా మార్చి గట్టిగా కట్టి, బార్ల గొలుసులు మళ్లీ బిగించాలి. వాడిన నీళ్ల ట్యాంకులు బయలుదేరే ముందే డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయండి. నిండుగా ఉన్నప్పుడు పట్టే లంకెకు ఒక రంగు, ఖాళీగా ఉన్నప్పుడు పట్టే లంకెకు ఇంకో రంగు పూసి పెట్టుకోండి. మూడు కాటా చీట్లూ చేతికి వచ్చాక, ఏ రంగు ఏ లంకెకు వేయాలో వాటిని బట్టే తేలుతుంది.